తిరిగిచ్చిన మూడు రోజులు

మా తూమాటివారిపాలెంలో ఉన్న తెలివంతా ఒక్క ఇంట్లోనే పోగుపడింది. ఈ మాట నేనన్నది కాదు, ఆ ఇంటివాళ్ళే అంటారు. పొద్దున లేవగానే ఐదుగురూ ఒకరి మొహం ఒకరు చూసుకుని, "మనలాంటి వివరం తెలిసినోళ్ళు జిల్లాలో ఇంకెవరన్నా ఉన్నారా?" అనుకుంటారు. ఉన్నారేమో చూసొద్దామని ఒకసారి పెద్దోడు బస్సెక్కి వెళ్ళాడు కూడా. సాయంత్రానికి తిరిగొచ్చి, "కిటికీ పక్కన కూర్చుని దారంతా చూశాను. ఒక్కడు కూడా కనపళ్ళేదు" అన్నాడు. అంతే, ఆ రోజు ఇంట్లో పాయసం.

నన్ను లస్కరు గురవయ్య అంటారు. కాలవ తూము తాళంచెవి నా దగ్గరుంటుంది. ఎవరి చేనుకి ఏ రోజు, ఏ గంటకి నీళ్ళు వదలాలో రాసిపెట్టే వంతుల పుస్తకం కూడా నాదే. మా ఇల్లు పిల్లకాలవ గట్టు మీద ఉంది. వాళ్ళ ఇల్లు మా ఇంటి వెనకాలే. అంటే ఇరవయ్యేళ్ళుగా వాళ్ళ తెలివి బయటికొచ్చిన ప్రతిసారీ ముందు నా మీదే పడుతోంది. నా జుట్టు ఊరికే తెల్లబడలేదు.

ఆ ఇంటికి పెద్ద వెంగమాంబ. ఆవిడకి ముగ్గురు కొడుకులు. పెద్దోడు మాలకొండయ్య, నడిపోడు చెంచురామయ్య, చిన్నోడు తిరుపాలు. మాలకొండయ్య పెళ్ళాం ఆదెమ్మ. వీళ్ళ వివరం ఎలాంటిదో తెలియాలంటే ఒక్కటి చెబుతాను. వానాకాలంలో కొత్త గొడుగు కొన్నారు. కొత్తది కదా, తడిస్తే పాడవుతుందని దానికి గోనెపట్టా చుట్టి, చంకలో పెట్టుకుని, తాము మాత్రం ముద్దముద్దగా తడుస్తూ ఊరంతా తిరిగారు. "చూశావా మామా, ఒక్క చుక్క పడనిచ్చామా?" అని నాతోనే అన్నారు.

పోయిన వేసవిలో తిరుపాలు ఫోన్లోకి ఒక ఆట తెచ్చాడు. దాని పేరు 'పచ్చని చేను'. అందులో చేను దున్నాలి, విత్తనం వెయ్యాలి, రోజూ నీళ్ళు పెట్టాలి. ఇంకేముంది, ఇంటిల్లిపాదీ ఫోన్లోకి దిగిపోయారు. ఫోను నులక మంచం మీద పెట్టి, చెంచురామయ్య ఒడిసెల పట్టుకుని పక్కన నిలబడి పిట్టల్ని అదిలించేవాడు. బయట వాన మొదలైతే ఆదెమ్మ పరుగెత్తుకొచ్చి ఫోను మీద సత్తుపళ్ళెం బోర్లించేది, పైరుకి నీళ్ళెక్కువైపోతాయని.

నవ్వకండి. నేనూ మొదట నవ్వాను. తరవాత ఒకరోజు వెంగమాంబ నాకు ఆ ఫోను చూపించింది. తెరమీద చిన్న చెక్క బోర్డు, దాని మీద 'వెంగమాంబ గారి చేను' అని ఉంది. ఆవిడ దాన్ని వేలితో తడుముతూ, "గురవయ్యా, నలభయ్యేళ్ళు నాట్లేశాను, కోతలు కోశాను. కాగితం ఆయన పేరునుండేది, ఆయన పోయాక పెద్దోడి పేరున మారింది. గ్యాసు బండ కూడా వాడి పేరునే. నా పేరు మీదున్న చేను ఇదొక్కటే" అంది. నా వంతుల పుస్తకంలో కూడా 'మాలకొండయ్య' అనే ఉంది. ఒకసారి ఆవిడ "నా పేరు రాయవా?" అనడిగితే, "కాగితం ఎవరి పేరునుంటే వాళ్ళదే రాస్తారమ్మా" అని పంపేశాను.

ఆ ఆటలో ఒక నియమం ఉంది. వంద రోజులు ఒక్కరోజు కూడా తప్పకుండా నీళ్ళు పెట్టినవాళ్ళకి శాశ్వత పట్టా ఇస్తారు. బోర్డు బంగారు రంగులోకి మారుతుంది, ఆ పేరు ఇక ఎప్పటికీ పోదు. ఒక్కరోజు తప్పిందా, చేను ఎండిపోతుంది, పేరు చెరిగిపోతుంది, మళ్ళీ మొదటికొస్తుంది. ఆదివారానికి వెంగమాంబకి తొంభై నాలుగు రోజులయ్యాయి. ఇక ఆరు రోజులే.

సోమవారం పొద్దున ఫోను తెరిస్తే చేను లేదు. తెల్లటి తెర మీద నాలుగు ముక్కలున్నాయి. తిరుపాలు గట్టిగా చదివాడు: "సాంకేతిక లోపం వల్ల మా సేవలు నిలిచిపోయాయి. త్వరలోనే మీ ముందుకు వస్తాం. దయచేసి ఎక్కడికీ వెళ్ళకండి."

ఇంట్లో కలకలం పుట్టింది. చేను పోయినందుకు కాదు.

"కంపెనీవాళ్ళు మన ముందుకొస్తున్నారంట!" అన్నాడు మాలకొండయ్య. "ఆదెమ్మా, ఎంతమందొస్తారో ఏమో, గారెలకి పప్పు నానబొయ్యి."

అంతే. వాకిట్లో చాప పరిచారు. పదకొండు విస్తళ్ళు వేశారు. ఎక్కడికీ వెళ్ళొద్దన్నారు కాబట్టి ఒక్కరూ వాకిలి దాటలేదు. పశువుల కొట్టం వాకిలికి అవతలుంది, గేదె ఒకటే అరుపు. "కాస్త ఓపిక పట్టవే, కంపెనీవాళ్ళు రానీ" అని లోపల్నించే సర్దిచెప్పారు. కారు వస్తుందేమో చూద్దామని తిరుపాలు ఇంటి కప్పెక్కి, అదిగో అని చెయ్యి చూపించబోయి జారి కింద పడ్డాడు. కుడి మడమ బెణికింది. కనిపించింది కారు కాదు, ఉప్పు బండి.

మంగళవారం కూడా అదే వరస. ఆ రోజు ఆదెమ్మ నాన్న పెదకోటయ్య పక్కూరి నుంచి కూతుర్ని చూడ్డానికొచ్చాడు. ఈయనే కంపెనీవాడనుకుని వాకిట్లోనే కాళ్ళు కడిగి, చేను ఎప్పుడిస్తావని నిలదీశారు. ఆ గొడవలో కాఫీలో చక్కెర మర్చిపోయారు. ఆయన ఒక గుక్క తాగి, కండువా దులిపి, "ఈ ఇంటి గడప తొక్కను" అని వెళ్ళిపోయాడు.

బుధవారం మధ్యాహ్నం ఊరంతా కరెంటు పోయింది. ఇక ఆగలేక సాయంత్రం నేనే వెళ్ళాను, గేదె అరుపు భరించలేక. ముందు దానికింత గడ్డేసి, తరవాత లోపలికెళ్ళాను. వెంగమాంబ గోడకానుకుని కూర్చుని ఉంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"మూడు రోజులు నీళ్ళు పెట్టలేదు గురవయ్యా. నా పేరు చెరిపేస్తారు" అంది.

నాకు ఒళ్ళు మండింది. "వాళ్ళ యంత్రం చెడితే మీ పేరెలా చెరిపేస్తారమ్మా? నష్టపరిహారం అడగండి!"

ఆ మాటకి ఇంట్లో పెద్ద సభ మొదలైంది. ఆదెమ్మ అంది: "ఉత్తినే ఆడుకోమని ఇచ్చారు కదా మావయ్యా. ఉత్తినే ఇచ్చినదానికి మళ్ళీ పరిహారమేంటి, మనకే సిగ్గు."

"ఉత్తినే ఎందుకైంది వదినా?" అన్నాడు చెంచురామయ్య. వీడి తల మీద ఒక్క వెంట్రుక లేదు. "నీళ్ళు పెట్టిన ప్రతిసారీ ప్రకటన చూపించారు కదా. 'ఇప్పుడే కొనండి' అంది, ఇప్పుడే కొన్నాను. నా దగ్గర పద్నాలుగు సీసాల జుట్టు నూనె ఉంది. ఇది ఉత్తినేనా?"

"కానీ వాళ్ళ మీద పిడుగే పడిందేమో" అన్నాడు మాలకొండయ్య. "పిడుగు పడితే వాళ్ళ తప్పేముంది?"

"పిడుగు పడ్డా పిశాచం పట్టినా వాళ్ళ తూము వాళ్ళదే!" అన్నాను. ఇక్కడే నేను నోరు మూసుకోవాల్సింది. మూసుకోలేదు. "మన కాలవ పద్ధతేంటి? సోమవారం మీ వంతనుకోండి. ఆ రోజు తూము పలక విరిగింది, నీళ్ళు రాలేదు. రైతు తప్పేంటి? గురువారం బాగుచేశాక మీ సోమవారం మీకిచ్చేస్తానా లేదా?"

"ఇస్తావు మామా. పోయినేడు మా సోమవారం గురువారంనాడిచ్చావు."

"పుస్తకంలో ఏమని రాశాను?"

"సోమవారం వంతనే రాశావు."

"అదీ న్యాయం. పోయిన సోమవారానికి సోమవారమే ఇవ్వాలి. కంపెనీ అయినా అంతే. ఫోన్ చెయ్యండి, మా రోజులు మాకివ్వండని అడగండి."

ఐదుగురూ తలలూపారు. ఆ ఊపు చూసైనా నాకు అనుమానం రావాలి.

గురువారం పొద్దున ఆట తిరిగొచ్చింది గానీ, చేను నిండా ఎండుగడ్డే. కంపెనీ నెంబరుకి ఫోన్ చేశారు. ముందుగా ఒక గొంతు, "ఈ సంభాషణ రికార్డు చేయబడుతుంది" అంది. ఇంకేముంది, ఫోను పెట్టేసి, ఐదుగురూ స్నానాలు చేసి, కొత్త బట్టలు కట్టుకుని, బొట్లు పెట్టుకుని మళ్ళీ చేశారు. "మీ కాల్ మాకు చాలా ముఖ్యం" అంది గొంతు. "మాకూ ముఖ్యమేనమ్మా" అన్నారు ఐదుగురూ ఒకేసారి. అది ఇరవైసార్లంది, వీళ్ళూ ఇరవైసార్లన్నారు. ఇరవయ్యొకటోసారికి నిజం మనిషి పలికింది. పేరు సంధ్యంట, గొంతు నెమ్మదిగా ఉంది.

"జరిగిన అసౌకర్యానికి చింతిస్తున్నామండీ."

"చింతపడకు తల్లీ, ఏదో అయింది" అని వెంగమాంబ ఓదార్చింది. "నా మూడు రోజులు నాకిచ్చెయ్, చాలు."

ఆ పిల్ల నవ్వు ఆపుకుంటున్నట్టు వినిపించింది. "తప్పకుండానమ్మా. మీరు పోగొట్టుకున్న సోమవారం, మంగళవారం, బుధవారం మూడూ మీకు తిరిగిచ్చేశాం. మీ ఖాతాలో జమైపోయాయి. ఇవాళ్టి నుంచి మామూలుగా రోజూ నీళ్ళు పెట్టుకోండి. శనివారానికి వంద పూర్తవుతాయి. శనివారం సాయంత్రం ఆరులోపు పట్టా మీద మీరే నొక్కాలి. ఆరు దాటితే చేను పోతుందమ్మా, మర్చిపోకండి."

చూస్తుండగానే ఎండుగడ్డి పచ్చబడింది. వెంగమాంబ ఫోనుకి దండం పెట్టింది. నాకూ సంతోషమేసింది. కంపెనీ అంటే ఇలా ఉండాలి అనుకుంటూ కాలవకెళ్ళిపోయాను.

మధ్యాహ్నం తిరిగొచ్చేసరికి వెనకింట్లో ధబ్బుమని శబ్దం. పరుగెత్తాను. తిరుపాలు కింద పడున్నాడు. ఎడమ మడమ పట్టుకుని ఏడుస్తున్నాడు.

"మళ్ళీ ఎందుకెక్కావురా కప్పు?"

"సోమవారం కదా మామా. సోమవారం పడ్డాను కదా. కుడికాలు ఇంకా వాచే ఉంది, అందుకని ఈసారి ఎడమకాలు పెట్టాను."

"సోమవారమేంటి? ఇవాళ గురువారం!"

మాలకొండయ్య నన్ను జాలిగా చూసి గోడవైపు వేలు చూపించాడు. రోజుకో కాగితం చింపే క్యాలెండరు అది. చింపేసిన కాగితాల్లో ఆదెమ్మ పోపుసామాను పొట్లాలు కడుతుంది. ఇంగువ పొట్లం విప్పి సోమవారాన్ని, మెంతుల పొట్లం విప్పి మంగళవారాన్ని, జీలకర్ర పొట్లం విప్పి బుధవారాన్ని తీసి, అన్నం మెతుకులతో వరసగా క్యాలెండరుకి అంటించేశారు. ఇల్లంతా ఇంగువ వాసన.

"కంపెనీ మూడు రోజులూ తిరిగిచ్చేసింది మామా. ఇచ్చినవాటిని వాడుకోకపోతే వాళ్ళని అవమానించినట్టు కదా?"

"ఒరే, ఆట్లో ఇచ్చార్రా!"

"నువ్వే కదా చెప్పావు, గురువారంనాడిచ్చినా సోమవారం సోమవారమేనని. పుస్తకంలో కూడా అలాగే రాస్తానన్నావు."

నేను తిరుపాలు ఎడమకాలికి కూడా కట్టు కట్టి ఇంటికొచ్చేశాను.

శుక్రవారం, అంటే వాళ్ళ మంగళవారం, మాలకొండయ్య మామగారికి కబురు పెట్టాడు: "వెంటనే బయల్దేరి రండి, ఆలస్యం చెయ్యొద్దు." కూతురికేమైందోనని పెదకోటయ్య చెప్పుల్లేకుండా పరుగెత్తుకొచ్చాడు. వాకిట్లో కాళ్ళు కడిగారు. చేను ఎప్పుడిస్తావని నిలదీశారు. చక్కెర లేని కాఫీ చేతికిచ్చారు. ఆయన బిత్తరపోయి, కూతురు బాగానే ఉందన్న సంతోషంలో ఆ కాఫీ గడగడా తాగేసి, "బాగుందమ్మా" అన్నాడు.

"అలాక్కాదు నాన్నా" అంది ఆదెమ్మ. "ఇప్పుడు నువ్వు కోప్పడాలి."

"ఎందుకే?"

"మంగళవారం కోప్పడ్డావు కదా. కండువా దులుపు. గడప తొక్కనని అను. తొందరగా కానీ, బస్సు టైమైంది."

ఆయన పాపం కోప్పడలేదు. ఎంత బతిమాలినా కోప్పడలేదు. చివరికి చెంచురామయ్య ఆయన కండువా లాక్కుని తనే దులిపి మెళ్ళో వేశాడు. అప్పుడొచ్చింది కోపం! ఈసారి గడప తొక్కననడమే కాదు, పోతూపోతూ గడప మీద ఒక తన్ను తన్ని మరీ వెళ్ళాడు. "మొన్నటికంటే బాగా కుదిరింది" అని మురిసిపోయారు అందరూ.

ఇంతలో వెంగమాంబ మాత్రం రోజూ పొద్దున్నే చేనుకి నీళ్ళు పెడుతూనే ఉంది. అదొక్కటే నయం. శనివారం పొద్దున కూడా పెట్టింది. వంద నిండాయి. తెరమీద "ఈ సాయంత్రం ఆరులోపు పట్టా అందుకోండి" అని పడింది.

"శనివారం సాయంత్రమని చెప్పింది కదా ఆ పిల్ల" అంది వెంగమాంబ. "ఇవాళ బుధవారం. ఇంకా మూడు రోజులుంది."

నేను ఊరి చివర తూము దగ్గర పని చూసుకుని వచ్చేసరికి సాయంత్రం ఐదున్నరైంది. వెనకింట్లో ఫ్యాన్లు తిరగడం లేదు, దీపాలు లేవు. లోపలికెళితే చెంచురామయ్య ఫ్యూజు చేతిలో పట్టుకుని కూర్చుని ఉన్నాడు. బుధవారం మధ్యాహ్నం కరెంటు పోయింది కదా, అందుకని మధ్యాహ్నమే పీకేశాడు. ఫోన్లో చార్జింగు అయిపోయింది.

"అమ్మా, పట్టా నొక్కారా?"

"తొందరెందుకు గురవయ్యా? శనివారం కదా."

"ఇవాళే శనివారం! నా మాట వినండి! అరగంట దాటితే మీ పేరు పోతుంది!"

ఐదుగురూ క్యాలెండరు చూశారు. బుధవారం. నన్ను చూశారు. "పాపం, ఎండలో తిరిగొచ్చాడు" అని ఆదెమ్మ మజ్జిగ తెచ్చింది.

నేను వాళ్ళకి పేపరు చూపించాను. "పేపరువాడికి కంపెనీ రోజులివ్వలేదేమో మామా" అన్నాడు తిరుపాలు. గుడి మైకులో శనివారం భజన వినిపిస్తోంది, వినండన్నాను. "వాళ్ళు ముందుగా సాధన చేసుకుంటున్నారు" అన్నాడు మాలకొండయ్య. ఐదూ ముప్పై ఎనిమిది. నాకు ఏడుపొచ్చేసింది. నిజంగా చెబుతున్నాను, ఏడుపొచ్చింది. ఆవిడ పేరు మీద లోకంలో ఉన్న ఒక్క చెక్కముక్క నా కళ్ళముందే చెరిగిపోబోతోంది, అదీ నేనన్న మాట వల్ల.

అప్పుడు తట్టింది. వీళ్ళకి నా తెలివి పనికిరాదు, వీళ్ళ తెలివే కావాలి.

"మాలకొండయ్యా, మన కాలవ కింద వంతు చేబదులిచ్చుకునే పద్ధతుంది కదా? ఒకడికి అవసరమైతే ఇంకొకడు తన వంతు ఇస్తాడు, తరవాత తీసుకుంటాడు."

"ఉంది మామా."

"నాకు అవసరం పడింది. మీ దగ్గరున్న మూడు రోజులు నాకు చేబదులివ్వండి."

ఐదుగురూ గుసగుసలాడుకున్నారు. "ఏ రోజులు కావాలి?" అన్నాడు చెంచురామయ్య అనుమానంగా.

"బుధ, గురు, శుక్ర."

"శుక్రవారం నేను తలంటుకోవాలి" అంది ఆదెమ్మ.

"ఇచ్చెయ్యవే" అంది వెంగమాంబ. "ఎండనకా వాననకా మనకి నీళ్ళొదిలే మనిషి. నోరు తెరిచి అడిగాడు. మూడు రోజుల్లో మనకేం తరిగిపోతుంది?"

మాలకొండయ్య క్యాలెండరు దగ్గరికెళ్ళి, మూడు కాగితాలూ చింపి, కళ్ళకద్దుకుని నా చేతిలో పెట్టాడు. కింద శనివారం బయటపడింది.

అంతే, ఇంట్లో కేకలు! "అమ్మో, శనివారమే!" అని వెంగమాంబ లేచింది. తిరుపాలు మాత్రం పొట్ట పట్టుకుని కూలబడ్డాడు. "బుధవారం నుంచి శనివారం దాకా మనమేం తినలేదు వదినా!" ఆ మాట విన్నాక అందరికీ కళ్ళు తిరిగాయి. ఆదెమ్మ మూడు రోజుల అన్నం ఒకేసారి వండడానికి పొయ్యి దగ్గరికి పరుగెత్తింది. ఐదూ నలభై తొమ్మిది.

వాళ్ళ ఫోన్లోంచి సిమ్ తీసి నా ఫోన్లో వేశాను. వాళ్ళ నెంబరు కొట్టగానే ఆట దిగింది. చేను కనపడింది. బోర్డు కనపడింది. "నొక్కండమ్మా" అన్నాను. ఆవిడ చెయ్యి చీరకి మూడుసార్లు తుడుచుకుని, వేలితో మెల్లిగా నొక్కింది. ఐదూ యాభై ఆరు.

బోర్డు బంగారు రంగులోకి మారింది. 'శాశ్వత పట్టా, వెంగమాంబ' అని పడింది. ఆవిడ చదువుకోలేదు గానీ తన పేరు గుర్తుపడుతుంది. చాలాసేపు చూసింది. "ఇక చెరపలేరు కదా?" అనడిగింది. "చెరపలేరమ్మా" అన్నాను. ఆవిడ ఏడ్చింది, నేనూ ఏడ్చాను, ఏమైందో తెలియకపోయినా కొడుకులు ముగ్గురూ ఏడ్చారు.

సిమ్ తీసుకోండి అంటే ఒప్పుకోలేదు. "ఇప్పుడే రాసిన పేరు, రంగు ఆరొద్దా? తెల్లారేదాకా నీ ఇంట్లోనే కదపకుండా పెట్టు" అంది వెంగమాంబ. సరే అని ఫోను ఇంటికి తెచ్చి బీరువా మీద పెట్టాను. ఆ సంతోషంలో ఒక మంచిపని కూడా చేశాను. వంతుల పుస్తకం తీసి, ఈ ఏడాది ఆదివారానికి మారిన వాళ్ళ వంతు దగ్గర 'మాలకొండయ్య' కొట్టేసి, గుండ్రంగా 'వెంగమాంబ గారి చేను' అని రాశాను. పిలిచి ఆవిడకి చూపించాను కూడా. ఆ రాసిన చేతికి వాత పెట్టాలి.

ఆదివారం పొద్దున ఆరింటికి తూము దగ్గరికెళ్ళి, నా చేత్తో నేనే పలక ఎత్తి నీళ్ళొదిలాను. అక్కడ టీ తాగి, నలుగురితో కబుర్లు చెప్పి ఏడున్నరకి ఇంటికొస్తే, మా ఇంటి గుమ్మంలోంచి కాలవ బయటికొస్తోంది.

లోపల మోకాటి లోతు నీళ్ళు. మా ఆవిడ మంచం మీద నిలబడి నన్నూ, నా ఉద్యోగాన్నీ, నా పుట్టుకనీ తిడుతోంది. చెంబులూ గిన్నెలూ తేలుతున్నాయి. బియ్యం బస్తా నడుం దాకా తడిసింది. మాలకొండయ్య పంచె ఎగ్గట్టి గుమ్మం దగ్గర గండి వెడల్పు చేస్తున్నాడు. తిరుపాలు రెండు వాచిన కాళ్ళతో కుంటుతూ పారతో నీళ్ళు లోపలికి తోస్తున్నాడు. చెంచురామయ్య ఒడిసెలతో కిటికీలో నిలబడి పిట్టల్ని చూసుకుంటున్నాడు. వెంగమాంబ ఆదెమ్మని పక్కన పెట్టుకుని అరుగు మీద కూర్చుని, "ఇంకా ఎక్కలేదురా, ఇంకొంచెం వదలండి" అంటోంది.

"ఏం చేస్తున్నార్రా నా ఇంట్లో?"

"నీళ్ళు పెడుతున్నాం మామా" అన్నాడు మాలకొండయ్య. "వెంగమాంబ గారి చేనుకి వంతని నువ్వే రాశావు కదా. అమ్మ చేను నీ బీరువా మీదుంది. మరీ అంత మిట్ట మీద పెట్టావేంటి? గంటన్నర నుంచి వదులుతున్నా నీళ్ళెక్కట్లేదు."

పరుగున వెళ్ళి ఫోను తీసుకుని జేబులో వేసుకున్నాను. "అమ్మ చేను పెరికేశాడు!" అని చెంచురామయ్య కేకపెట్టాడు.

"నోరు ముయ్యండి! నా ఇల్లు మునిగింది, బియ్యం తడిసింది, గోడ నానింది. తప్పు నాది కాదు, మీది. నష్టపరిహారం కట్టండి! కంపెనీని అడగ్గా లేంది మిమ్మల్ని అడగకూడదా?"

పారలు ఆగాయి. ఐదుగురూ మా ఇంటి నీళ్ళలోనే గుండ్రంగా నిలబడి ఆలోచించారు.

"న్యాయమే" అన్నాడు మాలకొండయ్య. "రైతు తప్పేంటని మామే అన్నాడు. ఇవ్వాలి."

"కంపెనీ మనకెంతిచ్చింది? మూడు రోజులు" అన్నాడు తిరుపాలు. "మామకీ మూడు రోజులే ఇవ్వాలి."

"అవి ఆయన దగ్గరే ఉన్నాయి కదరా, చేబదులు తీసుకున్నాడు" అంది ఆదెమ్మ. "తిరిగివ్వొద్దు మావయ్యా, ఉంచేసుకోండి. శుక్రవారంతో సహా."

నేను పళ్ళు కొరుకుతున్నాను. ఇంతలో వెంగమాంబ వేళ్ళు మడుస్తూ ఏదో లెక్కేసుకుని, తలెత్తి నన్ను చూసింది. ఆ మొహంలో ఎంత ప్రేమ, ఎంత జాలి!

"గురవయ్యా, ఊరికే గొంతు చించుకుంటున్నావు. నిన్న మా బుధవారం తీసుకున్నావు. అంటే నీకివాళ గురువారం. మా వంతు ఆదివారం. గురువారంనాడు నీ ఇంట్లోకి నీళ్ళెలా వస్తాయి?"

మా ఆవిడ కూడా మంచం మీద తిట్లాపి నావైపు చూసింది.

"నిజమే మామా" అన్నాడు తిరుపాలు, నా భుజం తడుతూ. "ఇంకా మూడు రోజులు టైముంది. ఈలోపు ఆ బియ్యం బస్తా అటకెక్కించుకో."